తమ్ముడు ఒకటి, అక్క రెండు

ఈ కింద సంతకం చేసిన నేను, వయసు యాభై ఏడు, అవివాహితను, మాలిక్యులర్ బయాలజీలో పరిశోధన చేస్తూ జీవించినదాన్ని, ముగ్గురు తోబుట్టువుల్లో పెద్దదాన్ని, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడికీ ప్రలోభానికీ లోబడకుండా, నా ఇష్టప్రకారం రాసి ఉంచుతున్న వీలునామా ఇది. వచ్చే వారం నా గుండె కవాటానికి ఆపరేషన్ ఉంది. మతి స్థిమితంగా ఉందని నేను చెప్పుకుంటే చాలదు గనక డాక్టరు గారి ధ్రువపత్రం జతచేశాను. కోపంగా ఉన్నమాట నిజం. కోపం ఉన్నంతమాత్రాన వీలునామా చెల్లకుండా పోదని వకీలు గారిని అడిగి తెలుసుకున్నాను. పొద్దున ప్రార్థన ముగించుకుని కలం పట్టాను. కోపం తగ్గలేదు.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదైనా ఉంటే అది నేటితో రద్దు. దీన్ని అమలు జరపవలసినవారు నా చెల్లెలు, మా వకీలు గారు.

చెల్లీ, నువ్వు మొదటి పేజీకే ఏడుస్తావు. ఏడువు. కానీ ఆపకుండా చివరి సంతకం దాకా పైకి చదువు. తమ్ముడు ఎదురుగా కూర్చుని ఉండాలి. "ఇలా ఇవ్వు, తర్వాత చదువుకుంటాలే" అంటాడు. ఇవ్వకు. చేతికిచ్చిన కాగితాన్ని చదవకుండా పక్కన పెట్టడం మా వృత్తిలో పెద్ద రోగం.

2. నా స్వార్జితమైన రెండంతస్తుల ఇంట్లో కింది అంతస్తు నా చెల్లెలికి సర్వహక్కులతో చెందవలెను. అందులో అద్దెకుంటున్న దర్జీని, తనంతట తాను వెళ్తానంటే తప్ప, ఖాళీ చేయించరాదు. ఆ మిషను చప్పుడుకే నేను రోజూ నిద్ర లేచేదాన్ని. నా తెల్లకోట్లన్నీ అతనికే ఇవ్వవలెను. ఇస్త్రీకి ఇచ్చినప్పుడల్లా తిప్పి చూసి, "ఈ జేబులు కుట్టినవాడెవడో గానీ పనిమంతుడమ్మా" అంటాడు. కుట్టింది అతనే. మర్చిపోయాడు. నేనూ గుర్తుచేయలేదు, ఆ ముఖంలో మెచ్చుకోలు చూడటం బాగుండేది.

కిటికీ పక్క చెక్కకుర్చీ, నేను కూర్చుని ప్రార్థన చేసుకునేది, అదీ చెల్లెలిదే. అందులో కూర్చుని ఫోన్లో మాట్లాడకు.

3. లోకం కంటికి నా ఆస్తిలో పెద్దది నా పరిశోధన. దాన్ని పంచే ముందు అది ఎలాంటిదో చెప్పాలి. చెల్లీ, ఇది నీకు అర్థమయ్యేలాగే రాస్తున్నాను. నీకు అర్థమైతే వకీలు గారికీ అర్థమవుతుంది.

మా వృత్తిలో ఒకరు అచ్చువేసిన పత్రాన్ని మరొకరు తమ పత్రంలో ఆధారంగా చూపిస్తే దాన్ని సైటేషన్ అంటారు. అవి ఎన్నుంటే మనిషి అంత గొప్ప. ఉద్యోగం, పదోన్నతి, గది, గదిలో ఏసీ, అన్నీ వాటిని బట్టే. నా పత్రాలు చాలావాటిని ఎవరూ పట్టించుకోలేదు. కొన్ని మంచివే. అందుకు నాకు బాధ లేదు. ఒక్క పత్రానికి మాత్రం సైటేషన్లు మూడు వేలు దాటాయి. రెండంటే రెండు పేజీలు. నా కోపమంతా దాని మీదే.

ఇరవై ఏళ్ల కిందట ఒక బస్సు డ్రైవరు కాలేయంలో గడ్డతో ఆస్పత్రిలో చేరాడు. కోసి తీసిన గడ్డలో కొంత పరిశోధనకు ఇస్తారా అని నేనే వెళ్లి అడిగాను. "నాకు పనికిరాంది ఇంకొకరికి పనికొస్తుందంటే పట్టుకెళ్లండమ్మా, దానికి కూడా అడగాలా" అన్నాడు. నవ్వాడు కూడా. ఐసుడబ్బాలో ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని మా పరిశోధన సంస్థకు తెచ్చాను. సగం ఒక గొట్టంలో పెట్టి, గడ్డకట్టించి ఉంచే ద్రవ నైట్రోజన్ ట్యాంకులో దాచాను. సగం నా తమ్ముడికి ఇచ్చాను. ఇంట్లో చంటి అంటాం. అప్పుడే డాక్టరేటు ముగించి నా పక్క గదిలో చేరాడు. పని నేర్పింది నేనే.

ఆ ముక్కలోని కణాలను ఫ్లాస్కుల్లో పెంచడం వాడి పని. కాలేయ కణాలు మొండివి, ఒంటికి బయట బతకం అంటాయి. అన్ని ఫ్లాస్కుల్లోనూ చచ్చిపోయాయి. ఏడో ఫ్లాస్కులో మాత్రం ఒక రోజు ఉన్నట్టుండి పొంగుకొచ్చాయి. సంస్థంతా పండగ చేసుకుంది. వాటికి ఏడో నంబరు కణాలని పేరు పడింది. చంటి పేరున పత్రం అచ్చయింది. అన్ని దేశాల ప్రయోగశాలల వాళ్లూ మాకూ కొన్ని పంపండని అడిగారు. పంపాం.

కణాలను బయటి గాలి తగలకుండా అద్దాల హుడ్ కింద పెట్టి చూసుకుంటాం. అదే హుడ్ కింద వేరే కణాలు కూడా పెరిగేవి. గర్భాశయ క్యాన్సరు నుంచి ఎప్పుడో తీసినవి, ప్రతి ప్రయోగశాలలోనూ ఉండేవి. పిచ్చి గడ్డిలాంటివి. ఒక్క చుక్క పక్క ఫ్లాస్కులో పడిందా, అక్కడున్నవాటిని తొక్కేసి తామే నిండిపోతాయి. అందుకే నేను పెట్టిన నియమం ఒకటుంది. హుడ్ కింద ఒక పూట ఒక రకం కణాలే. వాటికి పోసే గులాబిరంగు ద్రవం సీసా వాటిదే, ఇంకోదానికి వాడరాదు. చంటికి చిన్నప్పటినుంచీ ఓపిక తక్కువ. అన్నం చల్లారనిచ్చేవాడు కాదు. రెండు రకాలకూ ఒకే సీసాలోంచి పోశాడు.

నాకది అప్పుడు తెలియదు. రెండేళ్ల తర్వాత ఏడో నంబరు కణాలతో నా ప్రయోగం ఎంతకీ కుదరక, అసలివి ఎవరివో చూద్దామని జన్యు గుర్తులు పోల్చాను. మగమనిషి కణాలు కానే కావు. డ్రైవరివి ఎలా అవుతాయి? గుర్తులన్నీ ఆ గడ్డిజాతి కణాలతో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

చంటిని ఐసు మిషను దగ్గరికి పిలిచి చెప్పాను. "సీసా ఒకటే వాడానక్కా. పత్రికకి నేనే రాసి వెనక్కి తీసుకుంటాను. నువ్వు తొందరపడకు" అన్నాడు. సరేనన్నాను. ఇంతలో వాడికి ప్రొఫెసరు పదవి వచ్చింది. మళ్లీ అడిగాను. "మొన్ననే కదక్కా వచ్చింది, కుర్చీలో కూర్చోనివ్వవా" అన్నాడు. మూడోసారి అడిగితే, "నీ ఫ్లాస్కులోనే ఏదో కలిసిందేమో, ముందది చూసుకో" అన్నాడు. నా ఫ్లాస్కులో. నియమం పెట్టినదాని ఫ్లాస్కులో.

అప్పుడు నేనే రాశాను. "ఏడో నంబరు కణాలు కాలేయ కణాలు కావు" అని పేరు పెట్టాను. దురుసుగా ఉందని పత్రిక సంపాదకుడు నన్నడక్కుండా మార్చేశాడు. "ఏడో నంబరు కణాల జన్యు గుర్తింపుపై మరొక పరిశీలన" అని అచ్చయింది. అభ్యంతరం చెబుతూ రాశాను. అచ్చయ్యాక మార్చడం కుదరదన్నాడు. పోనీలే, లోపల రాసింది లోపలే ఉంది కదా అనుకున్నాను. లోపలికి ఎవరూ రాలేదు.

అప్పటినుంచి ఏడో నంబరు కణాలు వాడే ప్రతివాళ్లూ ఒక వాక్యం రాస్తారు. "ఇవి కాలేయ కణాలని ఇదివరకే నిర్ధారణ అయింది (1, 2)." ఒకటి తమ్ముడు. రెండు అక్క. కాదు అని నేను రాసిన కాగితాన్ని అవును అనడానికి సాక్ష్యంగా చూపిస్తున్నారు. ఒకరిది చూసి ఒకరు ఎత్తి రాసుకున్నారు. ఆ రెండు పేజీలు తెరిచి ఉంటే ఒక్కరూ రాసేవారు కారు. నేను వాళ్లకి ఉత్తరాలు రాశాను. కొందరు ఎంతో మర్యాదగా కృతజ్ఞతలు తెలిపి, తర్వాతి పత్రంలో మళ్లీ అదే వాక్యం రాశారు.

ఆ కణాల మీద బాగా పనిచేశాయని రెండు మందులు తయారయ్యాయి. కాలేయ రోగులు మింగారు. పనిచేయలేదు. మందుదే లోపమన్నారు. ఆ రోగుల పేర్లు నాకు తెలియవు. పేర్లు తెలియకుండానే వాళ్లకోసం ప్రార్థిస్తాను. అక్కడికొచ్చేసరికి ప్రార్థన మధ్యలో నా పళ్లు బిగుసుకుంటాయి. దేవుడు ఈపాటికి అలవాటు పడి ఉంటాడు.

కావున ఆ మూడు వేల సైటేషన్లను నా ఆస్తిగా నేను ఒప్పుకోవడం లేదు. ఎవరికీ రాసివ్వడం లేదు. నా వారసులెవరూ వాటిని నా పేరున చెప్పుకోరాదు.

4. ఈ ఏడాది సంస్థవారు నాకు జీవితకాల పురస్కారం ప్రకటించారు. నడవాలో రాతిఫలకం పెడతారట, నా పేరు, దానికింద ఆ సంఖ్య. వార్షిక నివేదికలో మా ఇద్దరి ఫొటో వేసి "అక్కాతమ్ముళ్ల అపూర్వ జంట" అని రాశారు. వద్దని ఉత్తరం ఇచ్చాను. అది నా వినయమనుకున్నారు.

అది వినయం కాదు. నా తదనంతరం నా పేరున ఫలకం గానీ, పురస్కారం గానీ, స్మారకోపన్యాసం గానీ పెట్టరాదు. మాట వినకుండా సంతాపసభ పెడితే, నా చెల్లెలు వేదిక ఎక్కి పైన రాసిన మూడో అంశం మొత్తం చదవవలెను. ఆ సంగతి ముందుగా వాళ్లకి తెలియజేస్తే సభ పెట్టరు.

డైరెక్టరు గారికి నా చదువుకునే కళ్లజోడు, ఆ రెండు పేజీల ప్రతి ఒకటి ఇవ్వవలెను. లిఫ్టులో కలిసినప్పుడు, "మీ పేపరు చాలా గొప్పదండీ, మీ తమ్ముడి పనిని ఎంత చక్కగా బలపరిచారో" అన్నారు. మూడో అంతస్తు వచ్చింది, దిగిపోయారు. పేజీలు రెండే కాబట్టి ఆయనకు ఎక్కువ శ్రమ ఉండదు.

5. సంస్థలో అందరూ పిచ్చుక అని పిలిచే పరిశోధక విద్యార్థినికి నా పుస్తకాలన్నీ, చుక్కలు కొలిచి పోసే నా పిపెట్ల పెట్టె, నా మైక్రోస్కోపు చెందవలెను.

చిన్న మనిషి. నోరు ఊరుకోదు. రెండేళ్ల కిందట చంటి దగ్గర చేరింది. ప్రయోగాలు కుదరక ఏడో నంబరు కణాలను తనూ పోల్చి చూసుకుంది. ఆ తర్వాత నా గది తలుపు తట్టి, "మేడమ్, మీ రెండు పేజీలు చదివానండీ. లోకమంతా తప్పు చదివిందా, నేనొక్కదాన్నే తప్పు చదివానా?" అని అడిగింది. అప్పటిదాకా నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. కూర్చోమన్నాను.

ఆమె సిద్ధాంత వ్యాసాన్ని పరిశీలించే కమిటీకి చంటి అధ్యక్షుడు. "మా అక్క గదిలో ఎక్కువ కూర్చుంటున్నట్టున్నావే" అన్నాడట అందరి ముందూ. వ్యాసం ఆపేశారు. ఏడో నంబరు కణాలు డ్రైవరివి కావని తేలాలంటే డ్రైవరు అసలు కణజాలంతోనే పోల్చి చూపాలి, లేదా విషయం మార్చుకోవాలి, అదీ కాకపోతే ఏడాది చివరికి వెళ్లిపోవాలి. ఇదీ తీర్మానం. అసలు కణజాలం ట్యాంకులో ఉందని చంటికి తెలుసు. దాన్ని తెరవాలంటే ప్రాజెక్టు అధిపతి అనుమతి ఉండాలి, లేదా రోగి కుటుంబం అనుమతి. అధిపతి చంటే. ఇవ్వనన్నాడు. చేతులు కట్టేసి ఈదమనడం అంటే ఇదే.

పిచ్చుకా, వచ్చే నెల కమిటీ ముందు నిలబడ్డప్పుడు గబగబా మాట్లాడకు. ఒక్కో వాక్యం చెప్పి ఆగు. వాళ్లు ఆలోచించుకోవడానికి కాదు, నువ్వు ఊపిరి తీసుకోవడానికి.

6. నా ఇంటి పై అంతస్తు, నేను నివాసముంటున్నది, నా తమ్ముడు చంటికి సర్వహక్కులతో చెందవలెను.

మొదటి చిత్తుప్రతిలో దీనికొక షరతు పెట్టాను. పత్రం వెనక్కి తీసుకుంటేనే ఇల్లు అని. వకీలు గారు అలా రాయవచ్చన్నారు. రెండు రోజులు అలాగే ఉంచాను. తర్వాత కొట్టేశాను. ఇంటికోసం నిజం చెప్పినవాడు ఇల్లు చేతికొచ్చాక మాట మారుస్తాడు. అమ్మ పోయేటప్పుడు చంటిని చూసుకోమంది. చూసుకున్నాను. ఇల్లు అందులో భాగం. తప్పు కప్పిపెట్టమని మాత్రం అమ్మ అనలేదు.

కావున చంటి ఇంట్లో ఉండవచ్చు. నా గురించి వ్యాసం రాయరాదు. నా శవం పక్కన నిలబడి ఫొటో దిగరాదు. "అక్కే నా మొదటి గురువు" అని ఏ సభలోనూ చెప్పరాదు. ఒకే సీసాలోంచి రెంటికీ పోయమని నేను నేర్పలేదు.

వాడి మొదటి పిపెట్టు నా బీరువా పై అరలో ఉంది. పని మొదలుపెట్టిన రోజున నేనే కొనిచ్చాను. ఎవరూ తీసుకోకుండా తెల్ల టేపు చుట్టి "చంటి" అని రాసుకున్నాడు. రాయి పడ్డా పగలదు, పాతకాలం సరుకు. అది వాడికివ్వండి. ఎందుకు దాచానో నాకూ సరిగ్గా తెలియదు.

ఇంకొక సంగతి. ఇన్నేళ్లుగా నేను గట్టిగా అడిగినప్పుడల్లా చంటి చివరికి ఒకే మాట దగ్గర నన్ను ఆపాడు. బస్సు డ్రైవరు పోయాక ఆయన భార్యకు ఏడో నంబరు కణాల ఫొటో పటం కట్టించి ఇచ్చాడు. ఆవిడ గోడకి పెట్టుకుంది. "మావారు పోలేదు, దేశదేశాల్లో బతికే ఉన్నారని వచ్చినవాళ్లందరికీ చూపిస్తుందక్కా. ఆవిడకి ఏమని చెప్తావు? ప్రార్థనలు చేసేదానివి, ఆవిడ గుండె పగలగొడతావా?" అనేవాడు. ఆవిడ ఉండేది ఎక్కడో చెప్పమంటే, రోగి వివరాలు గోప్యం అనేవాడు. అందులో మాత్రం నియమం తప్పలేదు.

7. నైట్రోజన్ ట్యాంకు అడుగు అరలో, నీలం మూత ఉన్న గొట్టంలో, డ్రైవరు కణజాలం ఉంది. సంస్థ గదిలో ఉన్నదాన్ని నేనెవరికీ రాసివ్వలేనని వకీలు గారు చెప్పారు. కావున రాసివ్వడం లేదు. ఎక్కడుందో చెబుతున్నాను, అంతే.

ఆ ట్యాంకులో ద్రవం ఆవిరైపోతూ ఉంటుంది. ప్రతి సోమవారం పోయాలి. ఇన్నేళ్లూ నేనే పోశాను. నన్ను వెనకాల మంచుగడ్డ అనేది అందుకే. మాట్లాడను గనక కూడా అనుకోండి. నా తర్వాత ఆ పని పిచ్చుకది. తొడుగులు లేకుండా మూత ముట్టుకోవద్దు.

8. నా అంత్యక్రియలు క్లుప్తంగా జరగాలి. ప్రార్థన చెల్లెలు చెబితే చాలు. నేను రోజూ కొన్ని పేర్లు తలుచుకుంటాను. వాటిలో మొదటి పేరు చంటిది. వాడు పుట్టిన ఏడాది నుంచీ అంతే. ఇంత కోపంలోనూ ఆ వరస మార్చలేదు. చెల్లీ, నువ్వూ మార్చకు. కానీ వాడి సుఖం అడగకు. వాడికి సిగ్గు ఇమ్మని అడుగు. అది వస్తే మిగతావి వాటంతటవే వస్తాయి.

పైన రాసినదంతా నా నోటితో చదివి వినిపించి, నా చేత్తో సంతకం చేస్తున్నాను.

2026 జూన్ 11, గురువారం, మధ్యాహ్నం

(సంతకం)
ఇంట్లో పెద్దక్క, పనిలో మంచుగడ్డ

మొదటి సాక్షి: ధ్రువపత్రం ఇచ్చిన డాక్టరు గారు

రెండో సాక్షి: బస్సు డ్రైవరు గారి భార్య

రెండో సాక్షిని గురించి వివరణ: కిందటి నెల, ఏడో నంబరు కణాలకు ఇరవై ఏళ్లు నిండాయని సంస్థలో ఉత్సవం చేసి, ఈమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. సభ అయ్యాక నా గది వెతుక్కుంటూ వచ్చింది. "ఒకటోది మీ తమ్ముడు గారిది, రెండోది మీదంట కదమ్మా. ఆయనది అందరూ చెప్పారు. మీదాంట్లో మావారి గురించి ఏం రాశారు?" అని అడిగింది. అడిగింది గనక చదివి చెప్పాను. రెండు పేజీలూ. అర్థం కాని చోటల్లా ఆపి అడిగింది.

"అయితే మా గోడ మీదున్నది ఆయన కాదన్నమాట" అంది.

కాదన్నాను.

"మరి ఆయనెక్కడున్నారు?"

ట్యాంకులో ఉన్నారని, అడుగు అరలో ఉన్నారని, నేనే చూసుకుంటున్నానని చెప్పాను.

"ఆయనకి చలి పడదమ్మా" అంది. తర్వాత కలం అడిగింది.

గొట్టం తెరిచి పోల్చి చూడటానికి కుటుంబం తరఫున ఆమె ఇచ్చిన అనుమతిపత్రం పిచ్చుక దగ్గర ఉంది. చంటీ, ఆవిడకి ఏమని చెప్తావని అడిగేవాడివి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇప్పుడు నీ ఎదురుగా సంతకం ఉంది, చూసుకో.

సాక్షిగా నిలబడినవారికి వీలునామాలో ఏదీ రాసివ్వకూడదని వకీలు గారు అన్నారు. ఏదీ రాసివ్వలేదు. ఆ గొట్టం మొదటినుంచీ ఆవిడదే.